లెక్కలో ఉన్నవారికే సాయం: కరోనా కాలంలో మన పర్యాటకం
(సంఘం వార్షిక సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



నేను గిరిజన బాలికల హాస్టల్‌లో వార్డెన్‌ని. బి.ఎడ్. చదివాను కాబట్టి పాఠం చెప్పినట్టు మాట్లాడే అలవాటు పోలేదు, కాస్త ఓర్చుకోండి. మన సంస్కృతి గురించి రెండు మాటలు చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. నేను పర్యాటకం గురించి చెప్తానన్నాను. కరోనా రెండేళ్లలో మన ఏజెన్సీ పర్యాటకం ఏమైంది, ప్రభుత్వం ఏ సాయం చేసింది, అది ఎవరికి అందింది అన్నదే నా విషయం. దీనికీ సంస్కృతికీ ఏం సంబంధం అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇవాళ థింసా ఊరి పండగలో ఆడుతున్నాం, రిసార్టు వాకిట్లోనూ ఆడుతున్నాం. అరకు కాఫీ, బొంగులో చికెన్, వలిసె పూల పొలాలు, వంజంగి మేఘాలు, అన్నీ ఇప్పుడు టికెట్టుతోనో రేటుతోనో ముడిపడ్డాయి. మన బతుకులో ఇంత భాగం వ్యాపారంలోకి వెళ్లినప్పుడు, ఆ వ్యాపారం ఆగిన రోజున ఏం జరిగిందో మీకు తెలిసి ఉండాలి. అప్పట్లో మీలో చాలామంది ఆరో తరగతిలోనో ఏడో తరగతిలోనో ఉన్నారు. బడి మూసేశారని సంబరపడ్డవాళ్లూ ఉన్నారు, నాకు తెలుసు!

ముందుగా ఒక ప్రశ్న. పర్యాటక పరిశ్రమ అంటే ఎవరు? హోటలు యజమాని, ట్రావెల్స్ ఆఫీసు, పర్యాటక సంస్థ రిసార్టు, ఇవే మనకు గుర్తొస్తాయి. ఒక కుటుంబం విశాఖ నుంచి అద్దాల రైలు పెట్టెలో బయలుదేరి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగిందనుకోండి. గుహల దగ్గరికి ఆటో మనవాడిది. లోపల ఏ రాయి ఏ ఆకారంలో ఉందో చూపించేది ఆ చుట్టుపక్కల కుర్రాడు. బయట మొక్కజొన్న పొత్తు కాల్చి ఇచ్చేది మన పిన్ని. కటికి జలపాతం దారిలో జీపు నడిపేది మనవాడే, అయితే చాలాసార్లు జీపు మాత్రం వేరేవాళ్లది. మధ్యాహ్నం బొంగు చికెన్‌కి కొండ మీద నుంచి వెదురు నరికి తెచ్చింది ఒకరు, కాల్చింది ఇంకొకరు. సాయంత్రం థింసాకి పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు, వెనక డప్పు, మోరీ వాయించేవాళ్లు. రాత్రి గదిలో దుప్పట్లు మార్చిందీ, పొద్దున్నే గిన్నెలు తోమిందీ మన చెల్లెళ్లే. ఒక కుటుంబం ఒక్క రోజు తిరిగితే ముప్పై మంది చేతులు కదిలాయి. వాళ్లలో ఎంతమంది పేర్లు పర్యాటక శాఖ రికార్డులో ఉన్నాయి? ఇవాళ నా మాటలన్నీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఇప్పుడు కాలక్రమం చెప్తాను. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, అదే రోజు నుంచి ప్రయాణికుల రైళ్లు ఆగాయి. 25 నుంచి లాక్‌డౌన్. అంతకు కొద్ది రోజుల ముందే బడులు మూసేశారు, మా పిల్లల్ని ఇళ్లకు పంపేశాం. చాలా ఊళ్లలో దారికి అడ్డంగా కర్రలు కట్టి బయటివాళ్లను రానివ్వలేదు. దూరంగా ఉండటం మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు, ఊళ్లో జబ్బు పడ్డప్పుడు పొలిమేర కట్టుకోవడం పాత ఆచారమే. సంతలు కూడా ఆగిపోయాయి. అది చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు అమ్ముకునే కాలం. ఎండాకాలం చల్లదనానికి వచ్చే యాత్రికులు లేరు, కొండసరుకు కొనే షావుకారూ లేడు. రెండు రాబళ్లూ ఒకేసారి తెగిపోయాయి. ఆ చలికాలానికి జనం మళ్లీ రావడం మొదలైంది, కాస్త ఊపిరి పీల్చుకున్నాం. అంతలో 2021 ఏప్రిల్‌లో రెండో విడత. మే 5 నుంచి రాష్ట్రంలో పగటి కర్ఫ్యూ. రెండో వేసవి కూడా అలాగే పోయింది.

ఇక ప్రభుత్వ సాయం. మీకు ఉద్యోగ పరీక్షలకీ పనికొస్తుంది, శ్రద్ధగా వినండి. పర్యాటక రంగానికి వచ్చిన సాయం మూడు రకాలు.

మొదటిది గడువు. బ్యాంకు అప్పుల వాయిదాలు ఆరు నెలలు, అంటే 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు, కట్టకపోయినా పర్వాలేదని రిజర్వు బ్యాంకు అవకాశం ఇచ్చింది. వాయిదా ఆగింది కానీ వడ్డీ ఆగలేదు. జీపు ఫైనాన్సులో ఉన్నవాళ్లలో కొందరు దీన్ని మాఫీ అనుకున్నారు. ఆరు నెలల తర్వాత బాకీ పెరిగి కనిపించేసరికి మోసం అన్నారు. అది మోసం కాదు, పథకమే అంత. ముందుగా ఎవరైనా కాగితం చదివి చెప్పి ఉంటే వాళ్లు వేరేలా ఆలోచించుకునేవారు.

రెండోది పూచీ మీద అప్పు. దీన్ని నిదానంగా చెప్పుకుందాం. 2020 మేలో కేంద్రం 3 లక్షల కోట్ల రూపాయలతో అత్యవసర రుణ హామీ పథకం పెట్టింది. ప్రభుత్వం డబ్బు పంచదు. బ్యాంకు అప్పు ఇస్తుంది, కట్టలేకపోతే ప్రభుత్వం పూచీ ఉంటుంది. 2021 మార్చిలో హోటళ్లు, పర్యాటకం, ప్రయాణ సంస్థలకు ప్రత్యేకంగా దాన్ని పొడిగించారు. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఎంత బాకీ ఉందో అందులో 40 శాతం దాకా కొత్త అప్పు, ఆరేళ్ల గడువు, మొదటి రెండేళ్లు అసలు కట్టనక్కర్లేదు. 2022 బడ్జెట్‌లో ఆతిథ్య రంగం కోసమే మరో 50 వేల కోట్లు కలిపి మొత్తాన్ని 5 లక్షల కోట్లకు పెంచారు. పెద్ద హోటళ్లు మూతపడకుండా, అందులో పనివాళ్లు రోడ్డున పడకుండా ఇది కాపాడింది. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే షరతు ఏమిటో గమనించారా? ముందే బ్యాంకులో బాకీ ఉండాలి. బొంగు చికెన్ అమ్మే మన అక్కకి బ్యాంకులో బాకీ లేదు, సంతలో షావుకారు దగ్గరే ఉంది. సున్నాలో 40 శాతం ఎంత? మీరే చెప్పండి.

2021 జూన్ 28న కేంద్ర ఆర్థిక మంత్రి ఇంకో పథకం ప్రకటించారు. లైసెన్సు ఉన్న గైడ్లకు లక్ష రూపాయల దాకా, గుర్తింపు పొందిన ట్రావెల్, టూరు సంస్థలకు 10 లక్షల దాకా అప్పు. తనఖా అక్కర్లేదు, ప్రాసెసింగ్ రుసుము లేదు, నూటికి నూరు శాతం ప్రభుత్వ పూచీ. చాలా మంచి పథకం. దేశం మొత్తం మీద 10,700 మంది గుర్తింపు పొందిన ప్రాంతీయ గైడ్లను ఉద్దేశించి పెట్టారు. బొర్రాలో టార్చి పట్టుకుని దారి చూపించే కుర్రాడికి గుహలోని ప్రతి మలుపూ తెలుసు. లైసెన్సు లేదు కాబట్టి ఆ లెక్కలో అతను గైడు కాదు.

మన రాష్ట్రంలోనూ పర్యాటక యూనిట్లకు రీస్టార్ట్ ప్యాకేజీ పేరుతో రుణాలకు మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. అక్కడా సాయం చేరాల్సింది యూనిట్‌కే. యూనిట్ అంటే పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నది. థింసా బృందానికి పేరుంది, పెద్దక్క ఉంది, ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. నంబరు లేదు.

మూడోది నేరుగా చేతికి వచ్చింది. సొంత ఆటో, టాక్సీ, మాక్సీక్యాబ్ నడుపుకునేవాళ్లకు అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వాహన మిత్ర పథకం కింద ఏడాదికి 10 వేల రూపాయలు ఇచ్చింది. 2020లో అక్టోబరు దాకా ఆగకుండా జూన్‌లోనే వేశారు. బండి, లైసెన్సు, కాగితాలు తన పేరు మీద ఉన్నవాడికి అందింది. యజమాని బండి నడిపే డ్రైవరుకు అందలేదు. మా హాస్టల్ పిల్ల ఒకామె తండ్రి పదకొండేళ్లుగా జీపు నడుపుతున్నాడు. జీపు మైదాన ప్రాంతం ఆసామిది. ఆ ఏడాది ఆ తండ్రి వచ్చే పంటకు రావాల్సిన మిరియాలు, కాఫీ గింజల మీద ముందే డబ్బు తెచ్చుకుని ఇల్లు నడిపాడు. పంట చేతికొచ్చాక షావుకారు చెప్పిందే ధర. ఆ పిల్ల పదో తరగతి. పరీక్షలు రద్దై అందరూ పాసయ్యారు కాబట్టి కాగితం మీద పాసే. ఇంటర్‌లో చేర్చడానికి మాత్రం నేను రెండుసార్లు ఆ ఊరు నడవాల్సి వచ్చింది. "మేడమ్, నేను కూడా పనికి వెళ్తే ఈ అప్పు తీరుతుంది కదా" అని అడిగింది. ఎంత అప్పు, ఎంత వడ్డీ అని ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. ఆ పిల్ల కూలితో వడ్డీ కూడా సరిపోదని తేలాక చదువుకు ఒప్పుకుంది. ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది.

అంటే మనకు ఏమీ అందలేదా? అలా అంటే అబద్ధం అవుతుంది. ఉచిత బియ్యం మనిషికి 5 కేజీల లెక్కన వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బియ్యం కార్డు ఉన్న ఇంటికి వెయ్యి రూపాయలు, జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు మూడు నెలల పాటు 500 చొప్పున పడ్డాయి. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 237 రూపాయలైంది. అటవీ హక్కు పత్రం ఉన్న కుటుంబాలకు వంద రోజులతో పాటు ఇంకో 50 రోజుల పని అప్పట్లో ఉంది, ఆ సంగతి ఊళ్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు. 2020 మే మొదట్లో చిన్న తరహా అటవీ ఉత్పత్తులకు కేంద్రం మద్దతు ధరలు పెంచింది. అదే ఏడాది నవంబరులో చిరువ్యాపారులకు, చేతివృత్తులవాళ్లకు 10 వేలు వడ్డీ లేని అప్పుగా జగనన్న తోడు వచ్చింది. ఇవి మనల్ని పస్తులుండకుండా చూశాయి. కానీ ఇవన్నీ మనకు పేదవాళ్లుగా అందినవి. పర్యాటకాన్ని మోస్తున్న పనివాళ్లుగా, కళాకారులుగా మనకు అందింది బహు తక్కువ. ఈ తేడా గుర్తుంచుకోండి. పేదగా అందే సాయం ఆకలి తీరుస్తుంది. పనివాడిగా అందే సాయం ఆ పనిని మళ్లీ నిలబెడుతుంది.

ఇక్కడ భూమి సంగతి కూడా చెప్పాలి. మన ప్రాంతంలో 1/70 చట్టం ఉంది. ఆదివాసీ భూమి గిరిజనేతరుడికి అమ్మినా, కుదువపెట్టినా, కౌలుకు రాసినా చెల్లదు. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుట్టింది మన అనంతగిరి మండలం బొర్రా పంచాయతీ ఊళ్ల నుంచే. ప్రభుత్వ భూమిని కూడా షెడ్యూలు ప్రాంతంలో ప్రైవేటు గిరిజనేతర కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. మీరు బొర్రాకి వెళ్లినప్పుడు గుహలతో పాటు ఈ మాట కూడా యాత్రికులకు చెప్పండి.

కొందరు అంటారు: "ఈ చట్టం వల్లే మీకు బ్యాంకు అప్పు పుట్టదు, అప్పు లేదు కాబట్టి హోటలు లేదు, హోటలు లేదు కాబట్టి సాయం లేదు." పైకి సబబుగానే అనిపిస్తుంది. బ్యాంకులు ఏజెన్సీ భూమిని తనఖాగా తీసుకోవడానికి వెనకాడటం నిజం. కానీ ఆలోచించండి. ఆ రెండేళ్లలో భూమి తనఖాలో ఉండి ఉంటే ఏమయ్యేది? వ్యాపారం ఆగింది, వాయిదా కట్టలేం, భూమి పోయేది. నగరాల్లో అలా ఆస్తులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. మన ఇళ్లలో అప్పు పెరిగింది కానీ రాగులు, సామలు పండే చెక్క మన దగ్గరే ఉంది. ఆకలి కాలంలో మనల్ని నిలబెట్టింది ఆ చెక్కే. గైడ్లకు ఇచ్చిన పథకంలో తనఖా లేకుండానే అప్పు ఇవ్వవచ్చని ప్రభుత్వమే చూపించింది. 2020 మార్చి 26న స్వయం సహాయక సంఘాలకు తనఖా లేని అప్పు పరిమితిని 10 లక్షల నుంచి 20 లక్షలకు పెంచుతున్నట్టు ప్రకటించారు. కాబట్టి మనం అడగాల్సింది పనినీ, సంఘాన్నీ చూసి అప్పు ఇమ్మని. చట్టం సడలించమని కాదు.

ఇంకో సంగతి. మన పేరు మీద పట్టా, వ్యాపారం మాత్రం ఇంకొకరిది అనే ఏర్పాటుకు ఎవరైనా అడిగితే జాగ్రత్త. నెలకు కొంత అద్దె వస్తుందని సంతకం పెడతాం. చట్టం ముందు అది చెల్లదు, తగాదా మన మెడకు చుట్టుకుంటుంది. విపత్తు వచ్చి ప్రభుత్వం సాయం ప్రకటిస్తే అది వ్యాపారం ఎవరి పేరున ఉంటే వాళ్లకే వెళ్తుంది.

ఇప్పుడు మీరు చేయగలిగిన పనులు చెప్తాను. ఇది మా హాస్టల్ నోటీసు బోర్డులా ఉంటుంది, నవ్వుకోండి కానీ చేయండి.

దారి చూపించే పని చేస్తున్నవాళ్లు గుర్తింపు తెచ్చుకోండి. కేంద్ర పర్యాటక శాఖ ఆన్‌లైన్‌లో టూరిస్టు ఫెసిలిటేటర్ శిక్షణ నడుపుతోంది. రాష్ట్ర పర్యాటక శాఖ దగ్గర ఏ నమోదు ఉందో కూడా అడగండి. సర్టిఫికెట్ వస్తే జ్ఞానం వస్తుందని అనడం లేదు. మీకు జ్ఞానం ఉంది, అది రికార్డులోకి ఎక్కాలి.

టీ కొట్టు, బొంగు చికెన్ పొయ్యి, టెంట్లు అద్దెకిచ్చే పని ఉన్నవాళ్లు ఉద్యమ్ నమోదు చేయించుకోండి. 2020 జూలై 1 నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు, ఆధార్‌తో పాటు పాన్ కావాలి. డబ్బు అడిగేవాడు దళారి. రోజు కూలికి వెళ్లేవాళ్లు, రిసార్టుల్లో పనిచేసేవాళ్లు ఈ-శ్రమ్ కార్డు తీసుకోండి.

థింసా బృందాలు ఒక సంఘంగా ఏర్పడి, సంఘం పేరున బ్యాంకు ఖాతా తెరిచి, ఆడిన ప్రతి ప్రదర్శనకు రశీదు తీసుకోండి. ఎవరు ఏ రోజు ఆడారు, ఎంత వచ్చింది, ఎలా పంచారు అన్నది పుస్తకంలో రాయండి. మన అమ్మలకు రాయడం రాకపోతే మీరు రాయండి. డిగ్రీ చదివిన పిల్ల ఇంట్లో ఉండి అమ్మ బృందానికి లెక్క పుస్తకం లేకపోతే ఆ చదువు ఇంటికి ఇంకా చేరనట్టే.

ఇంట్లో యాత్రికులకు బస ఇవ్వాలనుకునేవాళ్లు ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్ గురించి ఐటీడీఏ ఆఫీసులో అడగండి. 2024 అక్టోబరు 2న ప్రారంభించారు. అందులో దేశవ్యాప్తంగా వెయ్యి గిరిజన హోమ్‌స్టేల లక్ష్యం ఉంది. కొత్త గదులకు 5 లక్షల వరకు, పాతవి బాగుచేసుకోవడానికి 3 లక్షల వరకు సాయం ఉంది. వెయ్యి అంటే దేశం మొత్తానికి చాలా తక్కువ, ముందు అడిగినవాళ్లకే అవకాశం.

అన్నిటికన్నా ముఖ్యం గ్రామసభ. 1996 పెసా చట్టం మన గ్రామసభకు బలం ఇచ్చింది. ఊళ్లో ఎవరు ఏ పర్యాటక పని చేస్తున్నారో ఏడాదికోసారి గ్రామసభలో జాబితా రాసి, తీర్మానం చేసి, ఒక ప్రతి ఐటీడీఏకి, ఒక ప్రతి మండలానికి ఇవ్వండి. రేపు వరద వచ్చినా, కొండచరియ విరిగి ఘాట్ రోడ్డు మూసినా, ఇంకో జబ్బు వచ్చినా, "పర్యాటకం మీద బతికేవాళ్లు ఎవరు" అని పైనుంచి అడిగినప్పుడు సమాధానం మన చేతిలో ఉండాలి. ఎంత మందిని ఎలా రానివ్వాలి, చెత్త ఎవరు ఎత్తాలి, మన ఆడపిల్లల ఫొటోలు ఎవరు తీయవచ్చు అన్నదీ ఆ సభలోనే తేల్చుకోవాలి.

పర్యాటకం ఒక్కదాన్నే నమ్ముకోకండి. రాగి చేను, కాఫీ మొక్క, తేనె, చదువు, వీటి పక్కన పర్యాటకం ఉండాలి. ఈ ప్రాంతానికి వచ్చేవాళ్లు మన కొండల్ని, మన పంటల్ని, మన ఆటను చూడటానికే వస్తారు. చేను వదిలేసి అందరం టెంట్లే వేస్తే, కొన్నాళ్లకు చూడటానికి ఏం మిగులుతుంది?

సభ బయట చింతచెట్టు కింద బల్ల మీద ఒక నోటుపుస్తకం పెట్టించాను. మీ ఊరి పేరు, మీ ఇంట్లో పర్యాటకంతో ముడిపడిన పని ఎవరు చేస్తున్నారు, వాళ్ల దగ్గర ఏ కాగితం ఉంది, ఏది లేదు, నాలుగు గళ్లే. భోజనానికి వెళ్లేముందు ప్రతి ఒక్కరూ రాసి వెళ్లండి. ఆ జాబితా తీసుకుని సంఘం పెద్దలతో కలిసి ఐటీడీఏ ఆఫీసుకు వెళ్లడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మీలో ఐదుగురైనా నాతో రావాలి. ఎవరు వస్తారో వాళ్ల పేరు పక్కన ఒక టిక్కు పెట్టండి.

జై ఆదివాసీ.